పిలిచేది ఒకరు, చేసేది ఇంకొకరు అయితే

ప్రశ్న: మా ఇంట్లో ఐదుగురం ఉంటాం. నేను, మావారు, స్కూలుకెళ్ళే ఇద్దరు పిల్లలు, ఏడాదిగా మంచం మీదున్న మామగారు. మేమిద్దరం ఉద్యోగాలు చేస్తాం. మావారికి మనుషులంటే ప్రాణం. ఫోన్లో ఎవరు పలకరించినా "ఇంటికి రండి, మా ఇల్లు మీ ఇల్లే" అంటారు. వాళ్ళు నిజంగానే వస్తారు. వచ్చాక వంట, పక్కలు, గిన్నెలు, వెళ్ళాక దుప్పట్లు ఉతకడం, అన్నీ నావే. "కొన్నాళ్ళు ఎవర్నీ పిలవద్దండీ" అంటే "అతిథి దేవుడంటారు, నీకు ఆ గుణమే లేదు" అంటారు. వచ్చే నెల మా బావగారి కుటుంబం, అంటే మావారి పెదనాన్నగారి అబ్బాయి వాళ్ళు, సెలవులకి రెండు వారాలు మా ఇంట్లో ఉండటానికి వస్తున్నారు. అంతా ఖాయమయ్యాకే ఈ సంగతి నాకు తెలిసింది. అప్పట్నుంచీ టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఇంకో సంగతి. మా పై అంతస్తులోకి ఒక కొత్త కుటుంబం దిగింది. వాళ్ళకి మా భాష రాదు, ఇక్కడ ఎవరూ తెలియదు. ఆమెని ఒకసారి పిలవాలని ఉంది. కానీ ఈ చిందరవందర ఇంటికి ఎలా పిలవను? అసలు ఆతిథ్యం అంటే ఏమిటి? హోటళ్ళు, ఆన్‌లైన్ బుకింగులు వచ్చాక ఇంకా దాని అవసరం ఉందా? నాలో నిజంగానే ఆ గుణం లేదా?

సమాధానం: మీ చివరి ప్రశ్నకి ముందు జవాబు చెప్తాను. మీ నిద్ర చెడగొడుతున్నది అదేనని నాకు అనిపిస్తోంది. ఆ గుణం లేని మనిషి పై అంతస్తులోకి ఎవరు దిగారో పట్టించుకోదు. అక్కడ ఒకావిడ ఉందని, ఆమెకి ఎవరూ తెలియదని మీ దృష్టికి వచ్చింది. ఆఫీసు, పిల్లలు, మంచం మీదున్న పెద్దాయన, వీటన్నిటి మధ్యా ఆమెని పిలవాలని మీకు తోచింది. ఆతిథ్యం అంటే మొదట ఈ తోచడమే. మీ దగ్గర అది పుష్కలంగా ఉంది. తక్కువైనవి తీరిక, సాయం, పిలిచే ముందు మిమ్మల్ని అడిగే మాట.

ఇక మీవారు వాడిన వాక్యం దగ్గరికి వద్దాం. "అతిథిదేవో భవ" అన్నది తైత్తిరీయోపనిషత్తు శీక్షావల్లిలో ఉంది. చదువు ముగించుకుని వెళ్ళబోతున్న శిష్యుడికి గురువు చెప్పే బుద్ధుల్లో అదొకటి. సత్యం చెప్పు, ధర్మం ఆచరించు, తల్లిని, తండ్రిని, ఆచార్యుణ్ణి, అతిథిని దేవుడిలా చూడు అని చెప్తాడు. ఇది ఒక యువకుడికి, అతను రేపటి నుంచి స్వయంగా చేయవలసిన పనుల గురించి చెప్పిన మాట. ఇంట్లో ఇంకొకరి చేత చేయించమని గురువు ఎక్కడా అనలేదు. అదే చోట, ఆ మాట తర్వాత కొద్ది వాక్యాల్లోనే, "శ్రద్ధతో ఇవ్వాలి, శ్రద్ధ లేకుండా ఇవ్వకూడదు" అని కూడా ఉంది. సగం వాక్యమే ప్రచారంలో మిగిలి, ఈ రెండోది మరుగున పడిపోవడం నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది. ఒళ్ళు హూనమై, లోపల ఏడుస్తూ, పైకి నవ్వుతూ పెట్టే మనిషి దగ్గర ఆ శ్రద్ధ ఎక్కణ్ణుంచి వస్తుంది?

కాబట్టి మీ ఇంట్లో జరుగుతున్నది సూటిగా చెప్తాను. పిలిచేది ఆయన, చేసేది మీరు. వచ్చినవాళ్ళు "మీవారు ఎంత మంచివారండీ" అని వెళ్తారు. ఆయన చేతుల్లోంచి ఖర్చయినది ఒక్క ఫోన్ మాట. మీ చేతుల్లోంచి ఖర్చయినవి మీ సాయంత్రాలు, మీ నిద్ర, పిల్లలతో గడపాల్సిన ఆదివారాలు. ఇంకొకరి శ్రమని వాళ్ళని అడక్కుండా పంచిపెట్టడాన్ని నేను ఆతిథ్యం అనలేను. ఆయన చెడ్డవారని నా ఉద్దేశం కాదు. మనుషులంటే ప్రేమ ఉన్నవాళ్ళలో చాలామందికి ఆ ప్రేమ వెనక ఎంత పని ఉందో కనిపించదు, ఎందుకంటే ఆ పని ఎప్పుడూ వాళ్ళ కళ్ళ ముందు జరగలేదు. గిన్నెలు తోమేసి, దుప్పట్లు ఉతికేసి, తెల్లారేసరికి అంతా సర్దేసి ఉంటుంది. అది కనిపించేలా చేయడం ఇప్పుడు మీ మొదటి పని.

ఆతిథ్యాన్ని వ్రతంలా పట్టుకున్నవాళ్ళు ఈ విషయంలో ఎంత జాగ్రత్తగా ఆలోచించారో చూస్తే మీకు ధైర్యం వస్తుంది. ఆరో శతాబ్దంలో ఇటలీలో బెనెడిక్ట్ అనే సన్యాసి తన మఠాల కోసం ఒక నియమావళి రాశాడు. అందులో 53వ అధ్యాయం అంతా అతిథుల గురించే. వచ్చే ప్రతి అతిథినీ సాక్షాత్తూ క్రీస్తు వచ్చినట్టే ఆహ్వానించాలి అని మొదలవుతుంది. అంతకంటే ఉన్నతమైన ఆదర్శం ఉండదు. కానీ ఆయన అక్కడితో ఆగలేదు. అతిథులు వేళాపాళా లేకుండా వస్తారు కాబట్టి మఠంలోని సన్యాసుల దినచర్య చెడకుండా అతిథుల వంటగది వేరుగా ఉండాలన్నాడు. ఆ వంటగదికి ఆ పని బాగా చేయగల ఇద్దరిని ఏడాది పాటు నియమించాలన్నాడు. పని ఎక్కువైనప్పుడు, సణుక్కోకుండా సేవ చేయగలిగేలా వాళ్ళకి సాయం ఇవ్వాలని కూడా రాశాడు. సణుగుడుకి విరుగుడుగా ఆయన నీతిబోధ చేయలేదు, మనుషుల్ని ఇచ్చాడు. మీవారు మిమ్మల్ని గుణం లేదనే ముందు ఈ ఒక్క ఏర్పాటు గురించి ఆలోచించి ఉంటే బాగుండేది. వచ్చేవాళ్ళు దేవుళ్ళే అయినా వంట ఎవరు చేస్తారు, పక్కలు ఎవరు వేస్తారు అన్న ప్రశ్న పోదు. ఆ ప్రశ్నకి జవాబు దొరికాకే తలుపు తీయడం అందరికీ మేలు.

అయితే ఆతిథ్యం అంటే ఏమిటి అని మీరు అడిగారు. నాకు అర్థమైనంతలో చెప్తాను. మనకి చెందిన ఒక చోటులో, మనకి చెందని ఒక మనిషికి, కొంతకాలం చోటివ్వడం. అక్కడ ఉన్నంతసేపు ఆ మనిషి తను అడ్డంగా ఉన్నానేమో అని బిక్కుబిక్కుమంటూ కూర్చోకుండా చూడటం. చోటు మనదై ఉండాలి, లేకపోతే ఇవ్వడానికి మన దగ్గర ఏమీ లేదు. ఇంటి మనుషులే ఆ ఇంట్లో పరాయివాళ్ళలా ఒక మూల సర్దుకోవలసి వస్తే, ఇక అతిథిని ఆదరించడానికి అక్కడ మిగిలిందెవరు? వచ్చిన మనిషి అవసరం మన కంటికి కనిపించాలి. కొంతకాలం అన్నదీ ముఖ్యమే, దాని దగ్గరికి మళ్ళీ వస్తాను.

విందు వేరు. విందులో మన ఇల్లు, మన వంట, మన స్థాయి నలుగురి కంటా పడతాయి. అది తప్పేమీ కాదు, పండగలకీ పుట్టినరోజులకీ అది ఉండాల్సిందే. కానీ విందుకి పనికొచ్చే కొలతలతో ఆతిథ్యాన్ని కొలిచినప్పుడు మనుషులు తలుపులు మూసేసుకుంటారు. ఇల్లు సర్దలేదు, సోఫా కవర్లు మాసిపోయాయి, పెట్టడానికి ప్రత్యేకంగా ఏమీ లేదు అని వాయిదా వేస్తూ పోతారు. పై అంతస్తు ఆమెని మీరు ఇంకా పిలవకపోవడానికి కారణం ఇదే. మీ ఇంటికి మార్కులు వేయడానికి ఆమె రాదు. కొత్త చోట తాళం తీసుకుని ఒంటరిగా లోపలికెళ్ళే మనిషికి, పక్కింట్లో కూడా బట్టలు మడతపెట్టకుండా కుప్పగా ఉంటాయని చూస్తే ఊపిరి తేలికవుతుంది. అద్దంలా మెరిసే ఇంట్లో కూర్చోబెడితే ఆమె కాళ్ళు ఎక్కడ పెట్టాలో తెలియక ముడుచుకుంటుంది. మీ చిందరవందర ఆమెకి మేలే చేస్తుంది.

తమిళంలోని పాత నీతిగ్రంథం తిరుక్కురళ్‌లో తొమ్మిదో అధ్యాయం అతిథుల ఆదరణ గురించే. ఆ పది పద్యాల్లో చివరిది నాకు చాలా ఇష్టం. అనిచ్చం పువ్వు వాసన చూస్తే వాడిపోతుందట, అతిథి మాత్రం మన మొహం కాస్త మారితే చాలు, చూపుకే వాడిపోతాడట. వచ్చిన మనిషి మన గదుల్నీ గిన్నెల్నీ చూసేకంటే ముందు మన మొహం చూస్తుంది అన్నది ఆ పద్యం తెలిపే నిజం. అలసిపోయిన మొహాన్ని ఎంత నవ్వు పూసినా దాచలేం. అందుకే మీ అలసట మీ ఒక్కరి సమస్య కాదు. మీ ఇంటికి వచ్చేవాళ్ళకి కూడా అది తగులుతూనే ఉంది, బహుశా వాళ్ళు పైకి చెప్పి ఉండరు. ఈ సంగతి మీవారికి చెప్పండి. ఆయన నిజంగా అతిథుల్ని ప్రేమించే మనిషైతే ఈ వాదన ఆయన మనసుకి త్వరగా ఎక్కుతుంది.

పై అంతస్తు ఆమె విషయంలో కొన్ని చిన్న సంగతులు. పిలిచేటప్పుడు "ఎప్పుడైనా రండి" అనకండి. కొత్తగా వచ్చినవాళ్ళకి ఆ మాట మర్యాదకి అన్నారో, నిజంగా అన్నారో అర్థం కాదు, అందుకే వాళ్ళు రారు. "శనివారం సాయంత్రం ఐదింటికి ఒక గంటసేపు రండి, పిల్లల్ని కూడా తీసుకురండి" అంటే అర్థమవుతుంది. గంట అని చెప్పడం వల్ల ఆమెకి ఎప్పుడు లేవాలో తెలుస్తుంది, మీకు ఎప్పటికి తెములుతుందో తెలుస్తుంది. ఏం తింటారు, ఏం తినరు అని ముందే అడగండి. అడగడం చిన్నతనం కాదు, పెట్టాక వద్దని చెప్పలేక మొహమాటపడే ఇబ్బంది ఆమెకి తప్పుతుంది. భాష రాదు కదా అని భయపడకండి. ఫోన్లో అనువాదం చేసే యాప్ ఉంది, చేతులున్నాయి, పిల్లలున్నారు. పిల్లలు భాష లేకుండానే పది నిమిషాల్లో ఆటలో పడతారు. ఆమె నిజంగా తెలుసుకోవాలనుకునేవి పెద్ద విషయాలేమీ అయి ఉండవు. నీళ్ళు ఎప్పుడొస్తాయి, చెత్త ఎక్కడ వేయాలి, రాత్రిపూట పిల్లాడికి జ్వరమొస్తే ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళాలి, స్కూలు బస్సు ఎక్కడ ఆగుతుంది. ఇవి కాగితం మీద రాసి చేతిలో పెట్టండి. మీరు వండే ఏ వంట కంటే కూడా ఆ కాగితం ఆమెకి ఎక్కువ రోజులు పనికొస్తుంది.

ఇంకో మాట. ఆమె ఏదైనా తెస్తే తీసుకోండి. గిన్నెలు కడుగుతానంటే కడగనివ్వండి. అతిథి చేత పని చేయించకూడదని మనలో చాలామందికి గట్టి పట్టింపు. కానీ ఎప్పుడూ తీసుకునే చోటులోనే కూర్చోబెట్టిన మనిషికి మళ్ళీ రావాలని ఉండదు, బరువుగా ఉంటుంది. ఈ వారం మీరు పిలిచారు, నెల తిరిగాక ఆమె పిలుస్తుంది, మీరు వెళ్ళండి. మంచి ఆతిథ్యం ఇచ్చేవాళ్ళు చాలామంది అతిథిగా ఉండటం మటుకు చేతకాక ఇబ్బంది పడతారు. అది కూడా నేర్చుకోవలసిన పనే. వెళ్ళిన ఇంట్లో వాళ్ళ వేళల్ని గమనించడం, అక్కరలేని సాయం చేస్తూ వంటగదిలో అడ్డం పడకపోవడం, చెప్పిన టైముకి లేవడం, ఇవన్నీ అతిథి వైపు నుంచి ఇచ్చే మర్యాదలు.

హోటళ్ళున్నాయి కదా అన్నారు. ఉండటం మంచిదే. డబ్బిచ్చి గది తీసుకున్న మనిషికి ఎవరికీ ఋణపడనక్కర్లేని స్వేచ్ఛ ఉంటుంది, చాలా ప్రయాణాలకి అదే హాయి. మీ బావగారి విషయంలో కూడా దీన్ని గుర్తుపెట్టుకోండి. ఒకప్పుడు దారిలో చీకటి పడితే తెలియనివాళ్ళ ఇంటి తలుపు తట్టడం తప్ప గత్యంతరం లేదు. తట్టినవాడికి తలుపు తీయకపోతే రాత్రి గడవదు. లోకంలో ఇన్ని మతాలూ ఇన్ని సమాజాలూ ఆతిథ్యాన్ని అంత గట్టిగా ఎందుకు చెప్పాయో అందులోనే ఉంది. ఈ రోజు నేను తలుపు తీస్తాను, రేపు దారిలో నాకెవరో తీస్తారు. ఆ లెక్కలో ఇద్దరికీ ఒకరి పేరు ఒకరికి తెలియనక్కర్లేదు. ఇప్పుడు ఆ పని చాలావరకు హోటళ్ళు చేస్తున్నాయి కాబట్టి ఇంటి మీద ఆ భారం తగ్గింది. అది తగ్గినందుకు తప్పుచేసినట్టు బాధపడనక్కర్లేదు.

కానీ హోటలు తీర్చలేని అవసరాలు ఉన్నాయి. ఆసుపత్రిలో మనిషిని ఉంచి బయట వరండాలో కూర్చున్నవాళ్ళ అవసరం, భర్త పోయాక మొదటి పండగరోజు ఒంటరిగా గడపలేనివాళ్ళ అవసరం, కొత్త ఉద్యోగంలో చేరిన మొదటి రోజు మధ్యాహ్నం క్యాంటీన్లో ఏ బల్ల దగ్గర కూర్చోవాలో తెలియక నిలబడ్డ కుర్రాడి అవసరం. ఆ కుర్రాడికి "ఇటు రా బాబూ, ఇక్కడ కూర్చో" అనడానికి ఇల్లు అక్కర్లేదు, వంట అక్కర్లేదు, అర నిమిషం చాలు. మీ ఆఫీసు కూడా మీకు చెందిన చోటే. అక్కడ మీకు అన్నీ తెలుసు, కొత్తగా వచ్చినవాళ్ళకి ఏదీ తెలియదు. ఇంటికి ఎవర్నీ పిలవలేని సంవత్సరాల్లో కూడా మీరు ఈ రకంగా ఎంతోమందికి ఆతిథ్యం ఇవ్వగలరు. బహుశా ఇప్పటికే ఇస్తున్నారు, దానికి ఆ పేరు పెట్టలేదు అంతే.

మీ మామగారి గురించి మీరు ఒక్క ముక్కే రాశారు. నేను మటుకు ఆయన దగ్గర కాసేపు ఆగాలనుకుంటున్నాను. ఏడాదిగా ఒక మనిషి మంచం మీద ఉన్న ఇల్లు అది. 1967లో లండన్‌లో సిసిలీ సాండర్స్ అనే డాక్టరు సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్‌ని ప్రారంభించింది. నయంకాని జబ్బుతో చివరి రోజుల్లో ఉన్నవాళ్ళకి నొప్పి తగ్గించడం, వాళ్ళనీ వాళ్ళ కుటుంబాల్నీ కనిపెట్టుకుని ఉండటం ఆ సంస్థ పని. ఆధునిక హాస్పిస్ ఉద్యమం అక్కణ్ణుంచే మొదలైందని చెప్తారు. పాతకాలంలో యాత్రికులకి, రోగులకి ఆశ్రయమిచ్చిన మఠాల పేరునే ఆ సంస్థలూ పెట్టుకున్నాయి. రోగిని కనిపెట్టుకుని ఉండటం ఆతిథ్యానికి ఎంత దగ్గరి పనో దీన్నిబట్టి తెలుస్తుంది. మీరు ఏడాదిగా ఇంట్లో చేస్తున్నది ఆ జాతి పనే. నీకు ఆ గుణం లేదని అనిపించుకోవలసిన మనిషి మీరు కాదు.

ఇందులో మీకు అక్కరకొచ్చే పాత నియమం ఒకటి ఉంది. అతిథికి ముందు పెట్టి, ఇంటివాళ్ళు తర్వాత తినాలి అన్న మాట అందరికీ తెలుసు. మనుస్మృతి మూడో అధ్యాయం కూడా అదే చెప్తుంది. కానీ ఆ అధ్యాయంలోనే మినహాయింపు కూడా ఉంది. కొత్త కోడళ్ళు, ఆడపిల్లలు, రోగులు, గర్భిణులు, వీళ్ళకి మటుకు సందేహించకుండా అతిథులకంటే ముందే భోజనం పెట్టాలంటుంది. నేను ఆ గ్రంథంలోని ప్రతి మాటనీ నెత్తిన పెట్టుకోను. అయినా, అతిథి ధర్మాన్ని అంత కచ్చితంగా చెప్పినచోట కూడా ఇంట్లో రోగి వంతు ముందన్నారు. మీ మామగారి నిద్ర, మందుల వేళ, ఆయన గదిలో నిశ్శబ్దం ఇవి అతిథులొచ్చినా కదలకూడదు. "మా ఇంట్లో రోగి ఉన్నారు, అందుకని ఇప్పుడు కుదరదు" అని చెప్పడానికి మీరు ఎవరి ముందూ తలదించుకోనక్కర్లేదు.

ఇక కాలం సంగతి. ఎన్నాళ్ళు అన్న ప్రశ్న అడగడమే అమర్యాద అన్నట్టు మనం పెరిగాం. పాతవాళ్ళు అలా అనుకోలేదు. మనుస్మృతి లెక్కలో ఒక్క రాత్రి ఉండేవాడే అతిథి. ఇస్లాంలో ప్రవక్త మాటగా వచ్చిన హదీసులో అతిథికి ఒక పగలూ ఒక రాత్రీ ప్రత్యేక మర్యాద, మొత్తం మూడు రోజులు ఆతిథ్యం, ఆపైన చేసేది దానధర్మం కింద లెక్క. ఇంటివాళ్ళు ఇబ్బంది పడేదాకా అతిథి ఉండకూడదని కూడా అందులోనే ఉంది. తొలినాళ్ళ క్రైస్తవ సంఘాల కోసం రాసిన దిదఖే అనే చిన్న గ్రంథం దారిన పోయేవాడికి సాయం చేయండి, అవసరమైతే రెండు మూడు రోజులు ఉండనివ్వండి, స్థిరపడాలనుకుంటే తన పని తను చేసుకుని తినాలి అంటుంది. ఎక్కడెక్కడివాళ్ళో ఇంచుమించు ఒకే లెక్కకి వచ్చారు. వీళ్ళెవరూ మనుషులంటే గిట్టనివాళ్ళు కాదు. హద్దు లేని ఆతిథ్యం ఎక్కువ కాలం నిలవదని తెలిసినవాళ్ళు.

దేశాల సంగతిలోనూ ఇదే ప్రశ్న వస్తుంది. ఇమ్మాన్యుయేల్ కాంట్ అనే జర్మన్ తత్వవేత్త 1795లో శాశ్వత శాంతి గురించి రాస్తూ, ఇతరుల నేల మీద అడుగుపెట్టిన పరాయివాణ్ణి అతను వచ్చినంత మాత్రాన శత్రువుగా చూడకూడదు, అది అతని హక్కు అన్నాడు. భూమి గుండ్రంగా ఉంది, మనుషులు ఎంత దూరం పోయినా చివరికి ఒకరికొకరు ఎదురుపడి సర్దుకోవలసిందే అన్నది ఆయన చెప్పిన కారణం. అయితే ఆయన ఇచ్చింది వచ్చి పలకరించే హక్కు, వచ్చి ఉండిపోయే హక్కు కాదు. ప్రాణాపాయం లేకపోతే వెనక్కి పంపవచ్చని కూడా రాశాడు. 1951 శరణార్థుల ఒప్పందంలోని 33వ అధికరణం, ప్రాణానికో స్వేచ్ఛకో ముప్పున్న చోటికి శరణార్థిని తిప్పి పంపకూడదంటుంది. ఈ రెండిట్లో నాకు ఒకే పోలిక కనిపిస్తుంది. సౌకర్యం కోసం వచ్చేవాడికి కాదనవచ్చు, ప్రాణం అరచేతిలో పెట్టుకుని వచ్చినవాడికి అనకూడదు. ఇంటికీ ఈ తేడా పనికొస్తుంది. మీ బావగారి కుటుంబంలో ఎవరికైనా ఆపరేషనో, మరే కష్టమో ఉండి రెండు వారాలు వస్తున్నారంటే నేను మీకు వేరే సలహా ఇచ్చేవాణ్ణి. మీరిద్దరూ సెలవులు పెట్టుకునైనా, బంధువుల సాయం అడిగైనా చోటివ్వమనేవాణ్ణి. వాళ్ళు సెలవులు గడపడానికి వస్తున్నారు. సరదాగా రావడం తప్పు కాదు, కానీ సరదాకి మీ ఇంటి పరిస్థితి సర్దుకోనక్కర్లేదు, సరదాయే మీ ఇంటి పరిస్థితికి సర్దుకోవాలి.

మీవారితో మాట్లాడేటప్పుడు "మీ వాళ్ళు, మా వాళ్ళు" అన్న చోట మొదలుపెట్టకండి. అక్కణ్ణుంచి ఏ మాటా ముందుకు పోదు. ఒక ఆదివారం ఆయన కుదురుగా ఉన్నప్పుడు కాగితం తీసుకుని కూర్చోండి. బావగారి కుటుంబం ఉండే ఒక్క రోజుకి ఎన్ని పూటల వంట, ఎన్ని పక్కలు, ఎన్ని బకెట్ల బట్టలు, స్నానాల గది ఎవరికి ఎప్పుడు, నాన్నగారికి మందులు ఎవరు ఇవ్వాలి, మీరు ఆఫీసుకి ఎన్నింటికి బయల్దేరాలి, అన్నీ రాయండి. ప్రతి పని పక్కనా పేరు రాయమని ఆయన్నే అడగండి. తన చేత్తో తను అన్ని పనుల పక్కనా మీ పేరే రాయవలసి వస్తే ఆ కాగితం చెప్పే మాట మీరెంత వాదించినా చెప్పలేరు. ఆయన కొన్ని పనులు తన పేరు మీద రాసుకుంటే నమ్మండి, ఆ పనులు మీకు నచ్చినట్టు చేయకపోయినా వెనకనుంచి వెళ్ళి సరిచేయకండి. దుప్పటి వంకరగా పరిచినా అతిథికి నిద్ర పడుతుంది. ఇకమీదట ఎవరినైనా పిలిచే ముందు ఒక్క మాట అడగాలి, అలాగే మీరు పిలిచేటప్పుడు మీరూ అడుగుతారు అన్న ఒప్పందం కూడా అప్పుడే చేసుకోండి.

బావగారికి ఫోన్ మీరు చేయకండి. పిలిచిన మనిషే చేయాలి, అందులో రాజీ పడకండి. మీరు చేస్తే అది "కోడలు వద్దంది" అన్న మాటగా చుట్టాలందర్నీ తిరిగి మీ దగ్గరికే వస్తుంది. ఆయన ఇలా అనవచ్చు: "అన్నయ్యా, మీరొస్తున్నారంటే పిల్లలకి పండగే. కానీ నాన్న పరిస్థితి నీకు తెలుసు కదా, ఇల్లు నేననుకున్నంత తీరుబడిగా లేదు. మా ఇంట్లో మూడు రోజులు ఉండండి. మిగతా రోజులకి దగ్గర్లోనే గది చూసి పెడతాను. సాయంత్రాలు అందరం కలుద్దాం." ముందు మూడు రోజులు అని చెప్పి, ఆ మూడు రోజులూ మనస్ఫూర్తిగా చూసుకుంటే వాళ్ళకి బాగానే ఉంటుంది. తేదీ చెప్పకుండా పిలిచి, ఐదో రోజు నుంచి మొహాలు ముడుచుకోవడమే ఎవరికైనా నొప్పి.

బావగారు నొచ్చుకోవచ్చు. "అంత దూరమైపోయామా" అనవచ్చు. ఆ మాటకి మీవారు వెంటనే కరిగిపోయి "అబ్బే, ఉండండి అన్నయ్యా" అనే ప్రమాదం ఉంది కాబట్టి, ఫోన్ చేసే ముందే దానికి జవాబు అనుకుని పెట్టుకోండి. "దూరం కాదన్నయ్యా, నాన్నని చూసుకోవాలి" అన్నది నిజం, దాన్ని ఎవరూ కాదనలేరు. గది చూసేటప్పుడు ఖర్చు వాళ్ళదా మీదా అన్నది మీ ఇద్దరూ ముందే తేల్చుకోండి, ఫోన్లో తడబడకుండా ఉంటుంది. రావడానికి ఇంకా నెల ఉంది కాబట్టి ఈ వారంలోనే ఆ ఫోన్ చేయించండి. టిక్కెట్లు కొనుక్కున్నాక చెప్తే వాళ్ళకి నిజంగానే కష్టం కలిగించినట్టవుతుంది.